పిల్లాడు కొరికితే ఏం చేయాలో మా విద్యార్థులకు ఎలా నేర్పాలి?

ప్రశ్న: నేను ఒక బి.ఎడ్. స్పెషల్ ఎడ్యుకేషన్ కాలేజీలో మేధో వైకల్యం విభాగానికి పాఠాలు చెబుతాను. ఈమధ్య మా రెండో సంవత్సరం అమ్మాయి టీచింగ్ ప్రాక్టీస్‌కి వెళ్ళిన బడిలో పదేళ్ళ పిల్లాడు ఆమె ముంజేతి మీద కొరికాడు. రక్తం వచ్చింది. అక్కడి టీచరు "ఇలాంటివాళ్ళకి ఒక్కటి తగిలిస్తేనే మాట వింటారు, నీకూ అలవాటైపోతుందిలే" అన్నారట. అమ్మాయి ఇంటికి వెళ్ళిపోయింది, కోర్సు మానేస్తానంటోంది. మిగతావాళ్ళు "కొడితే ఏం చేయాలి మేడం, పారిపోతే ఏం చేయాలి" అని అడుగుతున్నారు. బిహేవియర్ మోడిఫికేషన్ (పిల్లల ప్రవర్తనను మార్చే పద్ధతులు) యూనిట్ మొత్తం నేనే చెప్పాను. పరీక్షల్లో అందరూ బాగానే రాశారు. పిల్లల ముందు నిలబడేసరికి ఒక్క ముక్కా గుర్తు రాలేదంటున్నారు. ఇంకో ఆరు నెలల్లో వీళ్ళు ఉద్యోగాల్లోకి వెళ్తారు. ఈలోపు ఏం నేర్పమంటారు? ప్రాక్టికల్స్‌కి మార్కులు ఎలా వేయాలి?
— ఒక అధ్యాపకురాలు, వరంగల్

సమాధానం: ముందు ఆ అమ్మాయి సంగతి చూడండి. చర్మం తెగి రక్తం వచ్చిందంటే అది డాక్టర్ చూడాల్సిన గాయం. సబ్బుతో, పారే నీళ్ళతో బాగా కడిగి అదే రోజు చూపించుకోవాలి. టీటీ, హెపటైటిస్ బి టీకాల సంగతి డాక్టరే చెబుతారు. ఇప్పటికీ చూపించుకోకపోతే మీరే వెంటబెట్టుకుని తీసుకెళ్ళండి. ఆమెతో "ఈ ఫీల్డులోకి వచ్చాక ఓర్పు ఉండాలమ్మా" అని మాత్రం అనకండి. ఆమెలో లోపించింది ఓర్పు కాదు. కొరుకుతున్నప్పుడు ఏం చేయాలో ఆమెకు ఎవరూ చూపించలేదు, అంతే.

నిజానికి మన శిక్షణ కాలేజీలన్నిట్లోనూ ఈ ఓర్పు, సేవాభావం అనే మాటలు ఎక్కువ వినిపిస్తాయి. ప్రవేశాల రోజున చెబుతాం, వీడ్కోలు రోజున చెబుతాం. చెప్పినంత మాత్రాన ఎవరికీ ఓర్పు రాదు. ఎదుటి పిల్లాడు ఎందుకలా చేస్తున్నాడో కాస్త అర్థమై, తర్వాత తన చేతులూ కాళ్ళూ ఏం చేయాలో తెలిసిన మనిషి తనంతట తానే నెమ్మదిగా ఉంటుంది. తెలియని మనిషి భయపడుతుంది. భయపడ్డ పెద్దవాళ్ళే అరుస్తారు, కొడతారు. అందుకని ఈ ఆరు నెలలూ సుగుణాల జోలికి పోకుండా పని నేర్పండి.

అన్నిటికన్నా ముందు నేర్పాల్సిన పని చూసింది చూసినట్టు రాయడం. మీ విద్యార్థులకు ఏబీసీ చార్టు తెలుసు: ముందు ఏం జరిగింది, పిల్లాడు ఏం చేశాడు, తర్వాత ఏం జరిగింది. పది మార్కుల ప్రశ్నకు నిర్వచనం, ఉదాహరణ, పటం వేసి రాసేస్తారు. వాళ్ళ ప్రాక్టీస్ నోట్‌బుక్ తెరిచి చూడండి, "కోపంగా ఉన్నాడు", "మొండిగా ప్రవర్తించాడు", "కావాలని చేశాడు" అనే ఉంటుంది. ఇవి చూసినవి కావు, అనుకున్నవి. "పుస్తకం తీయమనగానే పలక కింద పడేశాడు" అన్నది చూసినది. ఇద్దరిని ఒకే పిల్లాడి ఎదురుగా పది నిమిషాలు కూర్చోబెట్టి, మాట్లాడుకోకుండా ఎవరికి వాళ్ళను రాయమనండి. తర్వాత రెండూ పక్కపక్కన పెట్టి చదివించండి. మొదట్లో ఇద్దరూ వేర్వేరు పిల్లల్ని చూసినట్టే ఉంటుంది. ఇద్దరి రాతా ఒకటయ్యేదాకా ఇదే చేయించండి.

ఇలా రాసిన కాగితం ఏం చెబుతుందో ఒక ఉదాహరణ చెబుతాను. మండల కేంద్రంలోని ఒక భవిత కేంద్రం, అంటే ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ప్రభుత్వం నడిపే కేంద్రం. పిల్లాడికి తొమ్మిదేళ్ళుంటాయి, నాలుగైదు మాటలు తప్ప రావు. ఏ కారణం లేకుండా పక్కవాళ్ళను గిల్లుతాడని అందరి ఫిర్యాదు. అక్కడ ప్రాక్టీస్ చేస్తున్న ఒక విద్యార్థిని చేత వారం రోజులు చార్టు రాయించాం. సోమవారం: "ముందు — గుణింతం చూసి రాయమని నోట్‌బుక్ ఇచ్చారు. చేసింది — పెన్సిల్ విసిరి పక్క పాప చెయ్యి గిల్లాడు. తర్వాత — టీచర్ కేకలేసి వరండాలో కూర్చోబెట్టారు. వాళ్ళమ్మ అక్కడే ఉంది. బిస్కెట్ ఇచ్చింది." మంగళవారం చుక్కలు కలపమన్నప్పుడు మళ్ళీ అదే వరస, మళ్ళీ వరండా. బుధవారం పొద్దంతా బంతి ఆట, పూసలు గుచ్చడం. ఒక్క గిల్లుడూ లేదు. గురువారం పలక చేతికిచ్చి అర నిమిషం కాలేదు, గిల్లాడు.

అందరూ "మనం చూడాలని చేస్తాడు" అనుకుంటున్నారు. కాగితం వేరేలా చెప్పింది. రాత పని ఇస్తే గిల్లుతాడు, గిల్లితే రాత పని పోతుంది, పైగా అమ్మ దగ్గరికి చేరతాడు. టీచర్ శిక్ష అనుకుని వేస్తున్నది ఆ పిల్లాడికి బహుమానమై కూర్చుంది. "ఇది నాకు రాదు, వదిలేయండి" అని చెప్పడానికి వాడికి మాట లేదు. గిల్లుడే ఆ మాట.

అక్కడి నుంచి పని దానంతటదే తేలింది. అరచెయ్యి ఎత్తి "చాలు" అని చూపించడం నేర్పారు. అదీ గొడవ మధ్యలో కాదు, వాడు హాయిగా పూసలు గుచ్చుకుంటున్నప్పుడు. చెయ్యి ఎత్తిన వెంటనే పని ఆపేశారు, ప్రతిసారీ ఆపేశారు. అది వాడికి నమ్మకమయ్యాక "ఇంకొక్కటి రాసి చాలు" అని కాస్త కాస్త సాగదీశారు. పేజీ నిండా గుణింతం తీసేసి ఇసుకలో వేలితో మూడు అక్షరాలు పెట్టారు. గిల్లితే మాత్రం ఆ పాపను పక్కకు జరిపి, ఏమీ మాట్లాడకుండా ఆ మూడు అక్షరాలే మళ్ళీ ముందు పెట్టారు. వాళ్ళమ్మను బడి నడిచినంతసేపూ కనబడని చోట కూర్చోమన్నారు. ఆమెను ఒప్పించడమే అన్నిటికన్నా కష్టమైంది.

మొదటి రోజుల్లో వాడు ఇంకా గట్టిగా గిల్లాడు, కింద పడి దొర్లాడు. ఈ సంగతి మీ విద్యార్థులకు పదే పదే చెప్పండి. ఇన్నాళ్ళూ పనిచేసిన దారి మూసుకుపోతే ఏ పిల్లాడైనా ఇంకాస్త గట్టిగా తోసి చూస్తాడు. కొత్త టీచర్లు చాలామంది చేతులెత్తేసేది సరిగ్గా అక్కడే. ఆ రోజు లొంగిపోతే, ఇంకా గట్టిగా చేస్తేనే పని జరుగుతుందని పిల్లాడికి మనమే నేర్పినట్టవుతుంది. ముందే తెలిసిన టీచరు "ఇది వస్తుందని చెప్పారు, వచ్చింది" అనుకుని నిలబడగలుగుతుంది. అయితే ఎదుటి పిల్లలకు దెబ్బలు తగిలే ప్రమాదం ఉంటే, లేదా పిల్లాడు తల గోడకేసి కొట్టుకునే రకమైతే, ఒంటరిగా ఈ పద్ధతి మొదలుపెట్టకూడదు. క్లినికల్ సైకాలజిస్టు సలహా ఉండాలి, రెండో మనిషి పక్కన ఉండాలి. ఇక ఆ పిల్లాడు ఇప్పుడు పేజీలు రాసేస్తున్నాడని నేను చెప్పను. గిల్లడం బాగా తగ్గింది. సెలవుల తర్వాత మళ్ళీ వచ్చేది, మళ్ళీ తగ్గేది.

ఈ పనికి మన దగ్గరే తయారైన సరంజామా ఉంది. సికింద్రాబాద్ బోయినపల్లిలోని మనోవికాస్ నగర్‌లో 1984లో మొదలైన మేధో వైకల్యాల జాతీయ సంస్థ, ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ, 1992లో రీటా పెషావరియా, ఎస్. వెంకటేశన్ చేతుల మీదుగా పిల్లల నైపుణ్యాలనూ ప్రవర్తననూ అంచనా వేసే బేసిక్-ఎంఆర్ అనే స్కేలును, దానితోపాటు టీచర్ల కోసం ఒక మాన్యువల్‌ను తెచ్చింది. స్కేలులోని రెండో భాగం మొత్తం సమస్యాత్మక ప్రవర్తనల గురించే. 75 అంశాలు, 10 విభాగాలు: హింసాత్మక పనులు, మారాం, తనను తాను గాయపరచుకోవడం, చేసిందే చేయడం, అతి చురుకు, ఎదురుతిరగడం, భయాలు, ఇలా. ఎప్పుడూ చేయకపోతే 0, అప్పుడప్పుడైతే 1, తరచుగా అయితే 2. మీ విద్యార్థులు దీన్ని కేస్ స్టడీ కోసం ఒకసారి నింపి రికార్డులో అతికిస్తారు. నా మాట విని నెల తిరక్కుండా రెండోసారి నింపించండి. మొదటి అంకెకూ రెండో అంకెకూ మధ్య ఏం చేశారో, ఏం చేయలేదో వాళ్ళకే కనబడుతుంది.

ఒక జాగ్రత్త చెప్పాలి. కారణాలు వెతికేటప్పుడు ముందు ఒళ్ళు చూడమని నేర్పండి. మాటలు రాని పిల్లాడికి పంటి నొప్పి వస్తే చెంప మీద కొట్టుకుంటాడు. చెవిలో చీము పడితే తల బాదుకుంటాడు. మలబద్ధకం, రాత్రి నిద్ర లేకపోవడం, పొద్దున ఏమీ తినకుండా రావడం, పెద్దమ్మాయి అయితే నెలసరి నొప్పి, ఇవన్నీ బళ్ళో "బిహేవియర్" పేరు మీద చలామణి అవుతాయి. ఫిట్స్ ఉన్న పిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం. ఫినోబార్బిటోన్ వేసుకునే కొందరు పిల్లల్లో కుదురు పోతుంది, లెవిటిరాసెటామ్ వేసుకునే కొందరిలో చిరాకు, కోపం పెరుగుతాయి. టీచరు మందు మాన్పించకూడదు, మాన్పించమని ఇంట్లోవాళ్ళకు చెప్పనూ కూడదు. ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ ప్రాణం మీదికి తెస్తాయి. "మందు మార్చిన వారం నుంచి రోజూ కొడుతున్నాడు" అని తేదీలతో ఒక కాగితం రాసి తల్లి చేతికిస్తే చాలు. ఆ కాగితం డాక్టర్‌కు ఎంత పనికొస్తుందో మీ విద్యార్థులు ఒక్కసారి చూస్తే మరిచిపోరు.

నిన్నటిదాకా బాగున్న పిల్ల ఉన్నట్టుండి ఎవరినీ ముట్టుకోనివ్వకపోయినా, బట్టలు తడుపుకోవడం మొదలుపెట్టినా, ఫలానా మనిషిని చూస్తే వణికిపోయినా చార్టుతో ఆగకూడదు. లైంగిక వేధింపులు జరిగాయేమోనన్న ఆలోచన టీచరుకు రావాలి. అనుమానం కలిగితే పోలీసులకు తెలపడం 2012 పోక్సో చట్టం ప్రకారం తప్పనిసరి. పిల్లల సహాయవాణి 1098. మాటలు రాని పిల్లలు దీనికి ఎంత తేలిగ్గా దొరుకుతారో మీకు తెలియంది కాదు. దీని మీద ఒక పూట పూర్తిగా కేటాయించండి.

ఇక మీవాళ్ళు అడిగిన "కొడితే ఏం చేయాలి" దగ్గరికి వద్దాం. ఇది బోర్డు మీద రాసి చెప్పేది కాదు. క్లాసులో బల్లలు పక్కకు జరపండి. మీరే ఆ పిల్లాడి వేషం వేయండి. అరవండి, కాగితాలు చింపండి, తలుపు వైపు పరిగెత్తండి. ఒక్కొక్కరినీ మీ ముందుకు పిలవండి. ఎదురుగా నిలబడితే పక్కకు జరపండి. చెయ్యి చాపితే అందనంత దూరం ఉండాలి, పిల్లాడికీ తలుపుకీ మధ్య అడ్డంగా ఉండకూడదు. ముగ్గురు టీచర్లు ఒకేసారి మాట్లాడకూడదు, ఒక్కరే మాట్లాడాలి. మన గొంతు పెరిగేకొద్దీ పిల్లాడి గొంతూ పెరుగుతుంది, అందుకని తగ్గించి, రెండు ముక్కల్లో చెప్పాలి: "కూర్చో. నీళ్ళు తాగు." ఆ సమయంలో "నువ్వు మంచోడివి కదా, ఇలా చేస్తావా, అమ్మకు చెప్పనా" అన్న ఉపన్యాసం ఏదీ వాడి చెవిన పడదు. చెయ్యి పట్టి ఈడ్చే బదులు మిగతా పిల్లల్ని బయటికి పంపేయడం చాలాసార్లు తేలిక.

కొరికినప్పుడు ఎవరైనా చెయ్యి వెనక్కి లాక్కుంటారు. లాగితేనే చర్మం చీరుకుంటుంది. లాగకుండా, చేతిని నోటి వైపే కొద్దిగా ఆనిస్తే పట్టు సడలుతుంది. ఇది చదివి నేర్చుకునేది కాదు, తెలిసినవాళ్ళను ఒక రోజు పిలిపించి చేయించండి. బడికి వెళ్ళేముందు జుట్టు ముడేసుకోవడం, చున్నీ రెండు వైపులా పిన్ను పెట్టుకోవడం, వేలాడే జుంకాలు తీసేయడం, మెడలో గొలుసు, తాళి లోపలికి వేసుకోవడం, ఐడీ కార్డు తాడు జేబులో పెట్టుకోవడం, ఇవన్నీ చిన్న విషయాలే. కానీ వీటివల్ల కూడా దెబ్బలు తగులుతాయి.

చెప్పడం, చేసి చూపించడం, చేయించడం, అక్కడికక్కడే సరిదిద్దడం. ఈ నాలుగూ వరసగా ఉంటేనే పని చేతికి వస్తుంది. మన దగ్గర మొదటిదాంతోనే ఆగిపోతున్నాం. సరిదిద్దడం కూడా నెల చివర మీటింగులో కాదు, అదే రోజు, వీలైతే అదే గంటలో. మీరు వారానికి ఒక్క పూటైనా ప్రాక్టీస్ బడిలో వెనక కూర్చోండి, ఒక్కొక్కరికి ఒక్క సంగతే చెప్పండి. "గుడ్ బాయ్" అని ఊరికే అంటున్న అమ్మాయికి "బ్యాగు నువ్వే గూట్లో పెట్టావే, బాగుంది" అనమని చెప్పండి. ఏం చేస్తే మెచ్చుకున్నారో పిల్లాడికి తెలియాలి. గొడవ చేసినప్పుడే పలకరింపు దొరికే క్లాసులో పిల్లలు గొడవే చేస్తారు. కుదురుగా ఉన్న రెండు నిమిషాల్లో పలకరించడం అలవాటైతే సగం చార్టులు రాయాల్సిన పనే ఉండదు.

"ఒక్కటి తగిలిస్తే" అన్న సలహాకు మీ విద్యార్థుల దగ్గర జవాబు ఉండాలి. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షను, మానసిక వేధింపును రెంటినీ నిషేధించింది. కట్టేయడం, గదిలో పెట్టి గొళ్ళెం వేయడం, అన్నం పెట్టకపోవడం, ఏదీ కుదరదు. కానీ ఇరవై మూడేళ్ళ అమ్మాయి తనకన్నా పెద్ద టీచరుకు సెక్షన్ నంబర్ చెప్పలేకపోవచ్చు. చెప్పినా ఆ బడిలో ఆమెకు చోటుండదు. ఆమెకు నోటికి వచ్చే మాట ఒకటి కావాలి. "నన్ను ఈ వారం వేరేలా చేసి చూడనివ్వండి మేడం, కాగితం మీద రాసి చూపిస్తాను" అనడం చాలు. తల్లిదండ్రులు వచ్చి "దెబ్బకు దెయ్యం వదులుతుంది, మీరు భయం పెట్టండి" అన్నప్పుడు ఏమనాలో కూడా వాళ్ళ చేత పలికించి చూడండి. కొడితే ఆ క్షణానికి ఆగుతాడు, అది నిజమే. అందుకే పెద్దవాళ్ళకు కొట్టడం అలవాటవుతుంది. మర్నాడు అదే పని మళ్ళీ చేస్తాడు, లేదా కొట్టే మనిషి లేనప్పుడు చేస్తాడు. తల్లులకు ఇది తెలుసు. మెల్లగా అడిగితే వాళ్ళే చెబుతారు.

మీరు అడగలేదు గానీ ఇంకో రకం పిల్లలు కూడా మీ విద్యార్థుల దగ్గరికి వస్తారు. తెలివితేటలకు లోటు ఉండదు, మాటలు వస్తాయి, కానీ ఒకచోట నిలవరు, ప్రతి మాటకూ ఎదురు చెబుతారు, కొట్లాడతారు. ఏడీహెచ్‌డీ, ఆపోజిషనల్ డిఫయంట్ డిజార్డర్, కాండక్ట్ డిజార్డర్ అని డాక్టర్లు పేర్లు పెట్టేవి ఇవే. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల జాబితాలో ఏడీహెచ్‌డీ పేరు లేదు. కాబట్టి ఆ ఒక్క కారణంతో సర్టిఫికెట్ రావడం కష్టం, దాంతో సాయమూ రాదు. మామూలు బడిలో "రౌడీ" అన్న పేరు మాత్రం వచ్చేస్తుంది. చివరికి అక్కడి హెడ్‌మాస్టర్ స్పెషల్ టీచర్‌ని పిలిచి "వీణ్ణి మీరే చూడండి" అంటాడు. వీళ్ళలో చాలామందికి చదవడం రాక, నలుగురిలో నిలబడి చదవాల్సిన పీరియడ్‌లోనే గొడవ వస్తుంది. అందుకే ఇక్కడా చార్టే మొదలు. దానితోపాటు పఠనం ఏ స్థాయిలో ఉందో చూడాలి, జిల్లా కేంద్రంలోని డీఈఐసీకో (పిల్లల ఎదుగుదల లోపాలను ముందే గుర్తించి సాయపడే ప్రభుత్వ కేంద్రం), మానసిక వైద్యుల దగ్గరికో పంపాలి. ఫోన్‌లో మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్ 14416 ఉంది. మందు అవసరమా కాదా అన్నది టీచరు తేల్చే విషయం కాదు.

మీ విద్యార్థులు వెళ్ళబోయే ఉద్యోగాల సంగతీ దాచకండి. ప్రాథమిక స్థాయిలో పదిమంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒక స్పెషల్ టీచర్, ఆపైన పదిహేను మందికి ఒకరు ఉండాలని 2021 అక్టోబరులో రజనీశ్ కుమార్ పాండే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కింద మాత్రం కాంట్రాక్టు మీద పనిచేస్తూ, కేంద్రానికి వచ్చే పిల్లల్నీ, ఇళ్ళ దగ్గర ఉండిపోయిన పిల్లల్నీ ఒంటి చేత్తో చూసుకునే టీచర్లు ఉన్నారు. అలాంటి చోట ఒక గట్టి గొడవ జరిగాక ఆ టీచరు మాట్లాడుకోవడానికి మనిషి ఉండరు. ఈ బ్యాచ్‌లో ముగ్గురు నలుగురిని జట్లుగా కలపండి. నెలకొకసారి ఒకరి చార్టు ఒకరు చూసుకునే అలవాటు ఇప్పుడే చేయించండి. ఉద్యోగాల్లో చేరాక ఆ జట్టు ఫోన్‌లోనైనా నిలుస్తుంది.

ఇంటికెళ్ళిన అమ్మాయిని వెనక్కి పిలిచేటప్పుడు ఒంటరిగా పంపకండి. మొదటి రోజు ఆమె పాఠం చెప్పనక్కర్లేదు, మీరు పక్కనుండగా ఆ పిల్లాడిని దూరం నుంచి చూసి రాస్తే చాలు. వాడు ఏ సమయంలో కొరుకుతాడో ఆమెకే తెలియడం మొదలవుతుంది. అప్పటికీ మానేస్తానంటే, మానేయనివ్వండి. చిన్నబుచ్చే మాట ఒక్కటీ అనకండి.

మార్కుల గురించి అడిగారు. ఇప్పుడు ఎక్కువ మార్కులు పడుతున్నది రంగురంగుల టీఎల్ఎంకి (బోధనోపకరణాలకి), నీటుగా ఉన్న రికార్డుకి. రికార్డు పాత బ్యాచ్ నుంచి కాపీ కొట్టవచ్చు, ఏబీసీ చార్టు కొట్టలేరు. మీ చేతిలో ఉన్న ఇంటర్నల్ మార్కుల్లో సగం చార్టు నోట్‌బుక్‌కే పెట్టండి. కొట్టివేతలున్నా, మట్టి అంటుకున్నా, తేదీ, టైము ఉంటే చాలు. మిగతా సగంలో కొంత మీ ముందు చేసి చూపించినదానికి, కొంత తల్లితో మాట్లాడి వచ్చి రాసినదానికి ఇవ్వండి. పిల్లాడు మారాడా లేదా అన్నదానికి మాత్రం మార్కులు పెట్టకండి. పెడితే అందరి రికార్డుల్లోనూ పిల్లలు మారిపోయి కనిపిస్తారు.